గీతను తాకిన బంతి

గత శనివారం పది–ఎనిమిది దగ్గర నలుగురు ఆడవాళ్ళు నెట్ మీదుగా చేతులు కలిపి విడిపోయారు. వాళ్ళలో ముగ్గురికి ఆట అక్కడితో ముగిసింది. పూజితకు ముగియలేదు.

ఆ రోజు వారాంతపు టెన్నిస్ లీగ్‌లో ఆష్‌బర్న్ జట్టుకూ హెర్న్‌డన్ జట్టుకూ సెమీఫైనల్. ఐదు మ్యాచుల్లో చెరి రెండు గెలిచారు. ఐదోది ఆడవాళ్ళ డబుల్స్. ఇటు ఆష్‌బర్న్‌కు పూజిత, దేదీప్య. అటు రష్మి, హంసిక. చెరో సెట్టూ పోయాక పది పాయింట్ల టైబ్రేక్ దాకా వచ్చింది. ఆష్‌బర్న్ తొమ్మిది–ఎనిమిది మీద ఉన్నప్పుడు రష్మి కొట్టిన బంతి వచ్చి వెనక గీత దగ్గర పడింది. దానికోసం పరుగెత్తిన దేదీప్య వేలు పైకెత్తి అవుట్ అంది. రష్మి నెట్ దాకా నడిచి వచ్చి, దేదీప్యను కాక పూజితను అడిగింది.

"మీరు చూశారా?"

పూజిత చూసింది. గీతకు అడ్డంగా పరుగెత్తే మనిషికి సరిగా తెలియదు గానీ, గీత వెంబడి నిలబడ్డ మనిషికి బాగా తెలుస్తుంది. పూజిత ఆ గీతకు రెండో చివర నిలబడి ఉంది. పసుపుపచ్చ బంతి తెల్లగీతను తాకి లేవడం ఆమె కళ్ళారా చూసింది.

"నా పార్ట్‌నర్ చెప్పింది కదండీ" అంటూ వంగి షూ లేసు ముడి సరిచేసుకుంది. ఆ లేసు ఊడనే లేదు.

అలా ఆష్‌బర్న్ ఫైనల్‌కి వెళ్ళింది.

*

ఈ వారాంతపు లీగుల్లో అంపైర్ ఉండడు. మన వైపు పడ్డ బంతి లోపలా బయటా అన్నది మనమే చెప్పాలి, అవతలివాళ్ళు నమ్మాలి. అనుమానం ఉంటే పాయింట్ అవతలివాళ్ళది. జంటలో ఒకరు బయట అని, మరొకరు లోపల అన్నా పాయింట్ అవతలివాళ్ళదే. అంతకుమించి పెద్ద చట్టమేమీ లేదు. వారం పొడుగునా మేనేజర్లకూ క్లయింట్లకూ వీసా లాయర్లకూ కాగితాలు చూపించి రుజువు చేసుకునే మనుషులు, శనివారం పొద్దున ఓ రెండు గంటలు ఏ రుజువూ లేకుండా ఒకరి మాట మీద ఒకరు ఆడుకుంటారు. పూజితకు ఈ ఆట మీద గౌరవం కలిగింది అందుకే.

తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా ఆమెకు లేదు. కోదాడలో వెల్డింగ్ షాపు నడిపే తండ్రికి ఆమె పెద్ద కూతురు. ఆ ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషి. చేతికి ఏ కాగితం వచ్చినా చివరి పేజీ దాకా చదవడం చిన్నప్పటి నుంచీ అలవాటు. మూడేళ్ళ కింద లీగ్‌లో చేరినప్పుడు, దాన్ని నడిపే చాముండేశ్వరి అందరికీ పద్నాలుగు పేజీల నియమాలు ప్రింట్ తీసి ఇచ్చింది. దానిని గీతలు గీసుకుంటూ చదివింది పూజిత ఒక్కతే. మిగిలినవాళ్ళు ఏ అనుమానం వచ్చినా ఆమెనే అడిగేవాళ్ళు.

చాముండేశ్వరిది విశాఖపట్నం. యాభై తొమ్మిదేళ్ళు. కూతురికి టెన్నిస్ నేర్పిస్తున్న ఆరేళ్ళూ ఫెన్స్ బయట మడత కుర్చీలో కూర్చుని చూసింది. కూతురు కాలేజీకి వెళ్ళిపోయి ఆట మానేశాక, నలభై నాలుగో ఏట ఆ పాత రాకెట్ తాను పట్టుకుంది. ఎనిమిది మందితో, ఒక స్కూలు వెనక ఉన్న రెండు కోర్టుల్లో ఈ లీగ్ మొదలుపెట్టింది. ఇప్పుడు పన్నెండు జట్లు. కౌంటీ పార్కుల ఆఫీసుకు వెళ్ళి కోర్టులకు పర్మిట్ తెచ్చేదీ, వాన పడితే తేదీలు మార్చేదీ, అలిగిన ఆటగాళ్ళను బుజ్జగించేదీ ఆవిడే. ఆష్‌బర్న్ జట్టుకు కెప్టెన్ కూడా ఆవిడే. అయినా తన పేరు ఎప్పుడూ ఆఖరి కోర్టులోనే వేసుకుంటుంది, అదీ ఎవరైనా రాకపోతేనే. అవతలి జట్టు అమ్మాయిలు జాలిపడి, "సారీ ఆంటీ, గట్టిగా కొట్టేశాం" అంటే, "ఫర్వాలేదమ్మా" అని నవ్వి, తరవాతి బంతి వాళ్ళ తలల మీదుగా సరిగ్గా మూలకు వేస్తుంది. మళ్ళీ సారీ చెప్పే అవసరం వాళ్ళకు రాదు.

ఆవిడకు ఆగస్టులో మోకాలి ఆపరేషన్. అందుకని రెండు వారాల కిందే అందరి ముందూ చెప్పింది, వచ్చే సీజన్ నుంచి తన నీలం డబ్బా పూజితకు ఇస్తానని. డబ్బా అంటే పెద్ద ప్లాస్టిక్ పెట్టె. పర్మిట్ కాగితాలు, జట్ల జాబితాలు, నెట్ ఎత్తు కొలిచే టేపు, బ్యాండ్‌ఎయిడ్‌లు అన్నీ అందులోనే ఉంటాయి. ఆ పెట్టె ఎవరి కారు డిక్కీలో ఉంటే లీగ్ వాళ్ళదని లెక్క. ఆ మాట విన్న రోజు పూజిత కోదాడకు ఫోన్ చేసి అరగంట మాట్లాడింది. లీగ్ అంటే ఏమిటో తండ్రికి పూర్తిగా అర్థం కాకపోయినా, "పెద్దమనిషి నమ్మి అప్పజెప్తున్నదంటే చిన్న సంగతి కాదు బిడ్డా" అన్నాడు.

సెమీఫైనల్ అయిన దగ్గర నుంచీ ఆ మాట తేలు కుట్టినట్టు కుడుతోంది. తేలు కుట్టిన దొంగ సంగతి తెలిసిందే కదా, అరవలేడు.

*

బుధవారం మధ్యాహ్నం వాన కురిసింది. సాయంత్రం ఆరున్నరకు పూజిత కోర్టుల దగ్గరికి వెళ్ళేసరికి చాముండేశ్వరి అప్పటికే నీళ్ళు తోసే రోలర్‌తో ఒక సగం పూర్తి చేసింది. ఎండ మళ్ళీ వచ్చింది. డిక్కీలోంచి తీసిన పాత స్నానపు తువ్వాళ్ళు ఫెన్స్ మీద వరసగా వేలాడుతున్నాయి.

"గీతల మీద నీళ్ళు ఉంచకు. ముందు గీతలు, తరవాత మిగతాది" అంది ఆవిడ, రెండో రోలర్ అందిస్తూ.

ఇద్దరూ పక్కపక్కనే నీళ్ళు తోసుకుంటూ నడిచారు. రష్మి దగ్గర నుంచి మెయిల్ వచ్చిందని ఆవిడ మామూలు గొంతుతోనే చెప్పింది. ఫిర్యాదు కాదట. ఆడినవాళ్ళ మాటే ఆఖరి మాట అని తనకు తెలుసనీ, ఫైనల్‌కి ఆల్ ద బెస్ట్ అనీ రాసిందట. ఆఖర్న మాత్రం ఒక వాక్యం: రెండో అమ్మాయి జవాబు చెప్పలేదు, అది ఒక్కటే మనసులో ఉండిపోయింది అని.

 ఆ వెంటనే పర్మిట్ రెన్యువల్ ఎలా చేయాలో చెప్పడం మొదలుపెట్టింది. ఫిబ్రవరి మొదటి వారంలోనే వెళ్ళాలని, కౌంటరులో ఉండే ముసలాయన మధ్యాహ్నం భోజనం తరవాత చిరాగ్గా ఉంటాడు గనక పొద్దున్నే వెళ్ళాలని, డబ్బా ఈ రోజు తెచ్చానని, వెళ్ళేటప్పుడు చూపిస్తానని.

పూజిత రోలర్ ఆగింది.

"ఆ డబ్బా నాకొద్దు ఆంటీ."

"ఎందుకు?"

"ఆ బాల్ లోపలనే పడ్డది. నేను చూసిన. చెప్పలే."

 చాముండేశ్వరి తన రోలర్ ముందున్న నీటిని కోర్టు చివరిదాకా తోసి, గడ్డిలోకి వంపి, తిరిగి వచ్చింది. ఆ ఇరవై అడుగులూ ఆవిడ కుంటుతూ వెళ్ళి రావడం చూస్తూ పూజిత నిలబడిపోయింది. ఆ మోకాలితో ఆవిడ తన కోసం ఇంకా ఎన్ని కోర్టులు తుడవాలి అనిపించింది.

"నేనూ చూశాను" అంది ఆవిడ. "ఆ మూల ఫెన్స్ దగ్గరే నా కుర్చీ. కానీ బయట కూర్చున్నవాళ్ళ కళ్ళు లెక్కలోకి రావు. నేను లేచి అరిచానంటే రేపు ప్రతి మొగుడూ, ప్రతి పెళ్ళామూ ఫెన్స్ బయట నుంచి అరుస్తారు. లీగ్ ఉండదు."

"మరి నాకెందుకు చెప్పలేదు ఆంటీ?"

ఆవిడ ఫోన్ తీసి చూపించింది. అన్ని జట్ల కెప్టెన్లకూ రాసి, పంపకుండా ఉంచిన మెయిల్. ఆష్‌బర్న్ జట్టు ఫైనల్ నుంచి తప్పుకుంటోంది, కారణం నాది, ఆటగాళ్ళది కాదు. రెండే వాక్యాలు. ఆదివారం పొద్దున రాసినట్టు ఉంది.

"శుక్రవారం దాకా చూద్దామనుకున్నాను. నువ్వు వస్తావని నమ్మకం. రాకపోతే ఇది పంపేసి ఊరుకునేదాన్ని. నీ పేరు ఎవరికీ చెప్పేదాన్ని కాదు. డబ్బా మాత్రం ఇచ్చేదాన్ని కాదు."

పూజిత ఆ రెండు వాక్యాలూ మళ్ళీ చదివింది. నాలుగు రోజులుగా తానొక్కతే మోస్తున్నాననుకున్న బరువును ఈ మనిషి కూడా మోస్తూ, మంగళవారం ప్రాక్టీసులో తనకు బంతులు అందించి, "భుజం ఎత్తు, భుజం" అని ఎప్పటిలాగే మందలించింది.

"మొహమాటపడ్డ ఆంటీ. దేదీప్య అప్పటికే చెయ్యెత్తింది. అందరి ముందు ఎట్లా కాదంటా అనిపించింది."

"మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకో సామెత ఉంది. నీకు పెళ్ళి కాలేదు, పూర్తిగా చెప్పను." ఆవిడ పెదవుల చివర నవ్వు కదిలి ఆగిపోయింది. "విను. అనుమానం ఉంటే పాయింట్ వాళ్ళది, అది అందరికీ తెలుసు. దానికి రెండో సగం ఎవరూ చెప్పరు. అనుమానం లేనప్పుడు మొహమాటానికి ఇచ్చెయ్యడం కూడా అబద్ధమే. ఆ రోజు నీ పార్ట్‌నర్ ముందు మొహమాటపడ్డావు. రేపు ఇంకొకళ్ళ ముందు పడతావు. చూసింది చూసినట్టు చెప్పడానికి ధైర్యం అక్కర్లేదు, అలవాటు కావాలి."

తరవాత చేయవలసిన పని చెప్పింది. ఆ రోజు అవుట్ అన్నది దేదీప్య. ఆమెకు తెలియకుండా హెర్న్‌డన్‌కి ఫోన్ చేయడం కుదరదు. ముందు వెళ్ళి ఆమెకు చెప్పాలి.

పూజితకు అన్నిటికంటే కష్టమైన పని అదే.

*

దేదీప్యది తణుకు. ఎమ్మెస్ మొదటి సెమిస్టర్ నుంచీ ఇద్దరూ ఒకే గదిలో ఉంటున్నారు. పూజిత చేత మొదటిసారి రాకెట్ పట్టించింది దేదీప్యే, యూనివర్సిటీలో స్టూడెంట్లకు కోర్టు ఫ్రీ అని తెలిసిన రోజున. ఇప్పుడు దేదీప్యకు రెండు రోజుల కారు ప్రయాణం దూరంలో ఉన్న బెంటన్‌విల్‌లో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. మంగళవారం జాయినింగ్. ఫైనల్ ఆడి, ఆదివారం తెల్లవారుతూనే బయలుదేరాలని ప్లాన్. ఆరేళ్ళ జంట ఆటకు శనివారమే ఆఖరు.

పూజిత ఇంటికి వచ్చేసరికి దేదీప్య హాల్లో నేల మీద కూర్చుని అట్టపెట్టెల్లో గిన్నెలు సర్దుతోంది. ప్రెషర్ కుక్కర్ ఎవరిదన్న పాత తగవు మళ్ళీ తీసి, "మూత నాది, కుక్కర్ నీది, కోర్టుకెళ్దాం పద" అంటూ నవ్వింది.

పూజిత కూర్చోకుండానే చెప్పేసింది. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

దేదీప్య చేతిలోని న్యూస్‌పేపర్ ముక్కను గిన్నెకు చుట్టడం పూర్తి చేసి, పెట్టెలో పెట్టి, అప్పుడు తలెత్తింది.

"లోపల పడిందా?"

"అవును."

"ఎంత లోపల?"

"గీత మీద. అంచు తాకింది."

"నాకు బయటే కనిపించిందే. ఒట్టు."

"నాకు తెలుసు. నువ్వు ఉరుకుతున్నవ్. నువ్వు అబద్ధమాడలే."

"మరి నువ్వు?"

 నువ్వు వెళ్ళిపోతున్నావని, ఫైనల్ ఆడి వెళ్ళాలని నీకెంత ఉందో తెలుసని, ఆ క్షణంలో అదే గుర్తొచ్చిందని పూజిత ఏదో చెప్పబోయింది. దేదీప్య చెయ్యి అడ్డం పెట్టింది.

"నా మీద పెట్టకు. నేను అడిగానా నిన్ను? రష్మి నా వంక ఎలా చూసిందో గుర్తుందా నీకు? చెయ్యి కలిపేటప్పుడు వేళ్ళ చివర్లు తగిలించి లాగేసుకుంది. పెద్ద పొగరని ఇంటికొచ్చి తిట్టుకున్నాను కూడా. నువ్వు పక్కనే కూర్చుని ఉప్మా తింటున్నావు. ఆ చూపు నీకు రావాల్సింది, పూజితా. నాలుగు రోజులుగా నేను మోస్తున్నాను, అది నాదనుకుని."

"తప్పు నాది."

"నేను తప్పు చూశాను. నువ్వు సరిగ్గా చూసి దాచావు. ఊరంతా దొంగ అనుకునేది మాత్రం నన్ను."

  ఆరేళ్ళలో వాళ్ళిద్దరూ ఎన్నోసార్లు పోట్లాడుకున్నారు. పాల ప్యాకెట్ గురించి, థర్మోస్టాట్ గురించి, సర్వ్ చేసేటప్పుడు ఎవరు ఎటు నిలబడాలన్న దాని గురించి. ఏ పోట్లాటలోనూ దేదీప్య గొంతు ఇంత మెల్లగా లేదు.

"ఏం చేద్దామంటుంది చాముండి ఆంటీ?"

పూజిత చెప్పింది. ఫైనల్ హెర్న్‌డన్‌కి వదిలేస్తామని చెప్పాలి, అందుకు ఇద్దరి ఒప్పుదలా కావాలి.

దేదీప్య లేచి నిలబడింది. టేపు చుట్ట తీసుకుని గిన్నెల పెట్టెను పరపరా అతికించేసింది.

"ఫోన్ చేసుకోమను. నాకు దొంగతనపు ఫైనల్ అక్కర్లేదు" అంది. గదిలోకి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది. "కుక్కర్ నువ్వే ఉంచుకో. మూత కూడా."

*

హెర్న్‌డన్ కెప్టెన్ శశికాంత్‌కు చాముండేశ్వరి ఆ రాత్రే ఫోన్ చేసింది.  "తొమ్మిదేళ్ళుగా జట్టు నడుపుతున్నానండీ. ఓడిపోయినవాళ్ళు చేసిన ఫోన్లు బోలెడు ఎత్తాను. గెలిచినవాళ్ళు చేయడం ఇదే మొదలు" అన్నాడట అతను.

గురువారం అతని దగ్గర నుంచి జవాబు వచ్చింది. ఫైనల్ ఊరికే ఇస్తే రష్మి తీసుకోనంటోందట. ఆ బంతి లోపల అయితే స్కోరు తొమ్మిది–తొమ్మిది అవుతుంది గానీ, తాను గెలిచినట్టు కాదు కదా అంటోందట. తొమ్మిది–తొమ్మిది నుంచి ఆడదాం, ఎవరు గెలిస్తే వాళ్ళు ఫైనల్‌కి వెళ్ళాలి అందట. అలాంటి మాటలు విన్నప్పుడల్లా, ఏ బహుమతీ లేని ఈ ఆట కోసం ఇంతమంది శనివారం నిద్ర ఎందుకు మానుకుంటారో పూజితకు అర్థమవుతుంది. చివరికి ఇచ్చేది ఒక ప్లాస్టిక్ కప్పు, అది కూడా వచ్చే ఏడాది తిరిగి ఇచ్చేయాలి.

ఫైనల్ శనివారం తొమ్మిదికి. అవతల రెస్టన్ జట్టు. ఏడున్నరకు మిగిలిన ఆట ఆడాలని నిర్ణయమైంది.

దేదీప్య వస్తానంది. పూజిత కారులో మాత్రం రానంది.

శనివారం ఏడుంబావుకే అందరూ వచ్చేశారు. దేదీప్య కారు వెనక సీటు నిండా అట్టపెట్టెలు. ఆమె దిగి, పూజిత వైపు చూడకుండా కోర్టులోకి నడిచింది. రష్మి, హంసిక అవతలి బెంచీ మీద కూర్చుని గ్రిప్పులు బిగించుకుంటున్నారు. ఎవరూ ఎవరినీ గుడ్‌మార్నింగ్ దాటి పలకరించలేదు.

చాముండేశ్వరి నీలం డబ్బా తెరిచి, జిప్ కవర్లో పెట్టిన మూడు బంతులు తీసింది. నూగు లేచి, రంగు మాసి ఉన్నాయి.

"కొత్త బంతుల డబ్బా తెరవరా ఆంటీ?" అని హంసిక అడిగింది.

"మీరు ఆపింది వీటితోనే కదమ్మా. వీటితోనే మొదలుపెట్టాలి."

సెమీఫైనల్ బంతులను ఆవిడ పారేయలేదు. ఎందుకు దాచిందో ఎవరూ అడగలేదు. పూజిత మాత్రం ఆ కవర్ మీద ఆవిడ చేతిరాతతో ఉన్న తేదీ చూసి తల దించుకుంది.

ఎవరు ఏ వైపు నిలబడాలన్న ప్రశ్న వచ్చింది. చాముండేశ్వరి వేళ్ళ మీద లెక్క కట్టింది. తొమ్మిదీ తొమ్మిదీ పద్దెనిమిది. టైబ్రేక్‌లో ఆరేసి పాయింట్లకు ఒకసారి వైపులు మారాలి గనక ఇప్పుడు మారాలి. హంసికకు ఇంకొక సర్వ్ మిగిలి ఉంది, ఆ తరవాత సర్వ్ పూజితది. నలుగురూ తలూపారు. ఆవిడ వెళ్ళి ఫెన్స్ బయట మడత కుర్చీలో కూర్చుంది.

హంసిక సర్వ్ పూజితకు వచ్చింది. చేతులు చల్లగా ఉన్నా బంతి బాగానే తగిలింది. నాలుగైదుసార్లు అటూ ఇటూ వెళ్ళాక, నెట్ దగ్గర దేదీప్య ఒక్క అడుగు పక్కకు వేసి, వచ్చిన బంతిని ఇద్దరి మధ్యగా తోసేసింది. శుభ్రమైన పాయింట్. మామూలుగా అయితే తిరిగి వచ్చి రాకెట్‌తో రాకెట్ తాకిస్తుంది. ఇవాళ తన చోటుకు నడిచి వెళ్ళి నిలబడింది.

పది–తొమ్మిది. గెలుపుకు రెండు పాయింట్ల తేడా కావాలి గనక, ఇంకొక్క పాయింట్ వస్తే ఫైనల్.

పూజిత సర్వ్. మొదటిది నెట్‌కు తగిలింది. రెండోది మెల్లగా, జాగ్రత్తగా వేసింది. రష్మి దానికోసమే కాచుకుని ఉన్నట్టుంది. గట్టిగా కొట్టకుండా, రాకెట్ కిందనుంచి ఎత్తి, నెట్ దగ్గరున్న దేదీప్య తల మీదుగా పైకి లేపింది.

"నీదే" అని అరిచి దేదీప్య రెండో వైపుకు మారిపోయింది.

పూజిత వెనక గీత వెంబడే పరుగెత్తింది. బంతి ఎండలోంచి దిగుతోంది. అందుకునేలా లేదు. కళ్ళు మాత్రం గీత మీదే ఉన్నాయి. బంతి పడింది. తెల్లగీతకూ బంతికీ మధ్య రెండు వేళ్ళ మందాన ఆకుపచ్చ రంగు స్పష్టంగా కనిపించింది.

బయటే.

అనుమానం లేదు. కానీ మళ్ళీ వెనక గీతే. మళ్ళీ గెలుపు పాయింటే. పోయిన వారం దాచిన మనిషి ఈ వారం వేలెత్తితే ఎవరు నమ్ముతారు? ఇచ్చేస్తే పోతుంది కదా అని లోపల ఏదో మెత్తగా చెప్పింది. రష్మి మనసులోని ఆ మరక పోతుంది, దేదీప్యకు మనశ్శాంతి దొరుకుతుంది, అందరూ మెచ్చుకుంటారు. ఆ మెత్తని గొంతు ఎవరిదో పూజిత గుర్తుపట్టింది. వారం కింద లేసు ముడి సరిచేయించింది అదే.

పూజిత వేలు పైకెత్తింది.

"అవుట్" అంది, అందరికీ వినపడేలా.

రష్మి రాకెట్ చంకలో పెట్టుకుని నెట్ దాకా నడిచి వచ్చింది. కోపంగా లేదు. పూజితను ఒకసారి నిదానంగా చూసింది. తరవాత తల తిప్పి, దేదీప్యను అడిగింది.

"మీరు చూశారా?"

దేదీప్య రాకెట్ తీగలను వేలితో సరిచేసుకుంటోంది. ఫెన్స్ బయట చాముండేశ్వరి మోకాలు పట్టుకుని కుర్చీలోంచి లేచి నిలబడింది. పార్కింగ్‌లో రెస్టన్ జట్టు కార్లు ఒక్కొక్కటే వచ్చి ఆగుతున్నాయి.

"చూశాను" అంది దేదీప్య. మూడు రోజుల్లో మొదటిసారి పూజిత కళ్ళలోకి సూటిగా చూసింది. "లోపలే పడింది."

జంటలో ఒకరు బయట అని, మరొకరు లోపల అంటే పాయింట్ అవతలివాళ్ళది. పది–పది. హంసిక అప్పుడే తన చోటుకు వెళ్తోంది. రష్మి మాత్రం నెట్ దగ్గర నుంచి కదల్లేదు.

పూజిత ఎత్తిన వేలు ఇంకా దించలేదు. "నీదే" అని అరిచి పక్కకు మారినప్పటి దేదీప్య వీపు ఆమె కళ్ళ ముందే ఉంది. బంతి పడ్డాక పూజిత తలెత్తి వేలు చూపినప్పుడు కూడా ఆ తల నెట్ వైపే ఉంది, బంతిని చూడడానికి వెనక్కి తిరగనే లేదు.